మంచు మీద గసగసాలు

ఆ గింజలు పోయింది ఏప్రిల్ ఇరవయ్యారున, శనివారం. నాకు తెలిసింది ఆగస్టు చివరి వారంలో. మధ్యలో నాలుగు నెలలు నేను వాటికి నీళ్లు పోశాను.

ఆ శనివారం నేను ఇంట్లో లేను. బడిలో సైన్సు ప్రదర్శన. నాలుగో తరగతి పిల్లలు చేసిన అగ్నిపర్వతాలకీ బంగాళాదుంప బ్యాటరీలకీ మార్కులు వేసి మూడింటికి ఇల్లు చేరాను. మా వీధి మలుపులో ఫోర్సిథియా పొద ఆ ఉదయమే విచ్చుకున్నట్టుంది, ఇంకా ఆకు లేదు, ఒంటినిండా పసుపు. మా ఆయన ఆల్విన్ వాకిట్లో చల్లే బండిని గొట్టం పెట్టి కడుగుతున్నాడు. ఎరువైనా, గింజలైనా, మందైనా లాన్ మీద సమంగా పడాలంటే ఆ రెండు చక్రాల బండితోనే చల్లాలంటాడు.

"పూసింది చూశావా?" అన్నాను.

"చూశాను. పొద్దున్నే మందు చల్లేశాను."

"ఇంకో రెండు రోజులు ఆగకపోయావా? మంగళవారం వానంటున్నారు."

"నువ్వు పేపర్లో రాసింది నువ్వే మర్చిపోతే ఎలా? పూసిన వారంలోనే చల్లాలి."

నిజానికి అది నేను రాసింది కాదు, అతను చెబితే రాసింది. మా ఊరి వారపత్రికలో పందొమ్మిదేళ్లుగా 'ఈ వారం తోటలో' అని రాస్తున్నాను. పూలూ కూరలూ నావి, లాన్ సంగతులన్నీ ఆల్విన్‌వి, పేరు మాత్రం నాది. మూడంగుళాల కన్నా పొట్టిగా కోయకండి. కోసిన పోచల్ని ఎత్తిపారేయకండి, అక్కడే ఎరువవుతాయి. జూలైలో గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగితే కంగారు పడకండి, అది చావలేదు, నిద్రపోతోంది. ఇవన్నీ ఆల్విన్ మాటలే. గురువారం పేపరు రాగానే ఆ ముక్క కత్తిరించి గ్యారేజీ గోడకు అంటించేవాడు. ఒక్క అంకె తప్పు పడినా ఆ వారమంతా నాకు వినబడేది.

*

గింజలు లిబ్బీవి. లిబ్బీ మా అమ్మాయి. అంతకు ముందు సెప్టెంబరులో హైవే మీద పొగమంచులో పోయింది. ఇరవై నాలుగేళ్లు. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయను.

మా అత్తగారి కాలం నుంచీ పెరట్లో గసగసాలు వేస్తున్నాం, వంటకు. వాటి పువ్వు లేత ఊదా. ఐదేళ్ల కిందట ఒక్క మొక్క మాత్రం బూడిదరంగు కలిసిన ఊదాలో పూసింది, వాన వెలిసిన సాయంత్రం ఆకాశంలా. లిబ్బీ దాని కాయకు దారం కట్టి, ఎండాక గింజలు వేరుగా దాచింది. మరుసటేడు వాటిలోంచి వచ్చిన మొక్కల్లో రంగు తప్పినవాటిని పూసిన రోజే పీకేసింది. అలా నాలుగేళ్లు పీకుతూ, దాస్తూ గడిపింది. ఐదో ఏట వాటిని పెరట్లోంచి ముందు వాకిట్లోకి తెచ్చింది, దారినపోయేవాళ్లు చూడాలని. అందుకు కాలిబాట పక్కన ఆల్విన్ లాన్‌లో పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున గడ్డి చెక్కేసింది. చెప్పకుండా.

ఆల్విన్ చీజ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కారు దిగి, అక్కడే నిలబడి చూశాడు. "ముప్పై ఏళ్ల గడ్డి," అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అతని కోపం. అది ఆ వేసవంతా ఉంది. జూలైలో మడి నిండా పూసినప్పుడు లిబ్బీ వాకిట్లోంచి పిలిచింది. "నాన్నా, ఒక్కసారి వచ్చి చూడు. నీ గడ్డి కన్నా బాగుంది." ఆల్విన్ గ్యారేజీలో గడ్డికోసే యంత్రం బ్లేడుకు పదును పెడుతున్నాడు. "చూశాలే, కిటికీలోంచి," అన్నాడు.

ఆగస్టులో లిబ్బీ ఒక కవరు నిండా గింజలు తీసింది. పైన పెన్సిలుతో ఏడాది రాసి, 'రంగు నిలిచింది' అని రాసింది. నా దగ్గర మిగిలింది ఆ కవరే.

మార్చి ఆఖర్న రెండంగుళాల మంచు పడింది. మావైపు గసగసాల్ని మంచు మీదే చల్లుతారు. మా గసగసాలు నల్లవి, తెల్లటి మంచు మీద గింజ ఎక్కడ పడిందో కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఒత్తుగా పడదు. మంచు కరుగుతూ కరుగుతూ గింజను తనతోపాటు మట్టిలోకి దించుతుంది, ఎంత లోతు కావాలో అంతే. సగం విత్తు, సగం దాచు అని నేను ప్రతి వసంతంలోనూ రాస్తాను. లిబ్బీ మడి పక్కన నిలబడి సగం చేతిలోకి ఒంపుకుని, కవరు మడిచి కోటు జేబులో పెట్టుకుని, చల్లడం మొదలుపెట్టాను.

ఆల్విన్ తలుపు దగ్గరకు వచ్చాడు. "లోపలికి రా మార్సీ, వేళ్లు కొయ్యబారిపోతాయి."

"అయిపోవచ్చింది."

"పెరట్లో వెయ్యొచ్చుగా."

"తను ఇక్కడే వేసింది, ఆల్విన్."

తలుపు మూసుకుంది. చలికి మూశాడనుకున్నాను.

*

మే మూడో వారం దాకా ఏమీ రాలేదు. మా ఊళ్లో ప్రతి శుక్రవారం రాత్రి అందరూ హోటల్లో చేపల వేపుడుకి చేరతారు, ఆ శుక్రవారం మేమూ వెళ్లాం. లిబ్బీ పోయాక మొదటిసారి. మా పక్కింటి ఓర్విల్, ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైనవాడు, మా బల్ల దగ్గరకే వచ్చి కూర్చున్నాడు. మమ్మల్ని మాట్లాడించడం తన బాధ్యత అనుకున్నట్టున్నాడు.

"ఏం ఆల్విన్, మీ గడ్డి మీద కాలు పెట్టాలంటే చెప్పులు బయట విడవాలంటగా?"

"నీ గడ్డి మీద కాలు పెట్టాలంటే కొడవలి తెచ్చుకోవాలి," అన్నాడు ఆల్విన్.

"నాది గడ్డి కాదయ్యా, అడవి. కుందేళ్లు నాకు దండం పెడతాయి." నావైపు తిరిగాడు. "టీచరమ్మా, ఊరందరికీ సలహాలు చెబుతారు, మీ వాకిట్లో ఆ నల్లమట్టి పట్టీ ఏంటి? ఉత్త మట్టిని పెంచడం కొత్త ఫ్యాషనా?"

"లిబ్బీ గసగసాలు," అన్నాను.

ఓర్విల్ ఫోర్కు కింద పెట్టాడు. కాసేపటికి, "అయితే వస్తాయిలే. గసగసాలకి తొందరుండదు," అన్నాడు.

"తినండి, చల్లారిపోతోంది," అన్నాడు ఆల్విన్ ఎవరి మొహమూ చూడకుండా.

ఇంటికి వస్తూ కార్లో నేనే చెప్పాను. "మంచు ఎక్కువ రోజులుండి గింజ కుళ్లిందేమో. మిగతా సగం కూడా చల్లేస్తాను."

వంతెన దాటాక ఆల్విన్, "దాచుకోరాదూ," అన్నాడు.

"ఎందుకు?"

"ఏం లేదు. వచ్చే ఏడుకి."

"వచ్చే ఏడు దాకా నేను ఆగలేను."

ఆల్విన్ కారును మా వీధి మలుపు తిప్పాడు.

సోమవారం బడికి సెలవు. వేడెక్కిన మట్టిలో గసగస సరిగా మొలవదని నాకు తెలుసు. అందుకే ముందురోజు సాయంత్రమే నేల తడిపి, గోనెపట్టా కప్పి చల్లబరిచాను. మోకాళ్ల మీద కూర్చుని కవరు మొత్తం చల్లాను. మూలల్లో ఇరుక్కున్న గింజల్ని కూడా కవరును తట్టి రాల్చాను. ఆల్విన్ పళ్ల దంతె తెచ్చి, దాని వెనకవైపుతో మట్టిని ఎంతో మెల్లగా సర్దాడు. గింజ లోతుకు పోకుండా ఎలా సర్దాలో అతనికి తెలుసు. గోనెపట్టా మళ్లీ కప్పడానికి ఒక కొస అతను పట్టుకున్నాడు, ఒక కొస నేను పట్టుకున్నాను.

*

జూన్ అంతా, జూలై అంతా సాయంత్రాలు అవే. గొట్టానికి సన్నటి జల్లు పడే మూతి ఒకటి కొనుక్కొచ్చి ఆల్వినే బిగించాడు. నాకు బడి పనులున్న రోజు తనే తడిపేవాడు. నేను తడుపుతుంటే మెట్ల మీదకు వచ్చి నిలబడేవాడు.

"ఏమైనా వచ్చిందా?"

"లేదు."

రోజూ అడిగేవాడు. జూలై మధ్యలో నేను జవాబు చెప్పడం మానేసి తల ఊపేదాన్ని. అయినా అడిగేవాడు. లోకంలో ఆ మడి గురించి నాతోపాటు ఎదురుచూసేది ఈ ఒక్క మనిషే కదా అనుకునేదాన్ని. ఆ వేసవి నేను నిలబడగలిగానంటే ఆ ఒక్క ప్రశ్న మీదే.

ఆగస్టు చివర్లో మా వైపు గడ్డి గింజ చల్లే కాలం మొదలవుతుంది. పగలు వెచ్చన, రాత్రి చల్లన, తెల్లవారుజామున మంచు బిందువులు బాగా పడతాయి, కలుపు తగ్గుముఖం పడుతుంది. అలాగని పేపర్లో రాశాను కూడా. ఆ వారం ఫోను మోగింది.

"టీచరమ్మా, నేను ప్రోహాస్కాని, చర్చి వెనకిల్లు. నువ్వు చెప్పిందాకా కూడా ఆగలేదు, నెల మొదట్లోనే గడ్డి గింజ చల్లాను. మూడు వారాలైంది. ఒక్క పోచ రాలేదు."

"నీళ్లు పోస్తున్నారా?"

"రోజుకి రెండుసార్లు. మా ఆయన బతికున్నప్పుడు ఆయనకి కూడా ఇంత సేవ చెయ్యలేదు."

"పక్షులు తినేశాయేమో."

"నా పిల్లి ఉండగానా?"

"వసంతంలో మందు చల్లారా? కలుపు మొలవకుండా చల్లేది."

"చల్లాను. నువ్వు ఫోర్సిథియా పూసినప్పుడన్నావు, నేను కాస్త ఆలస్యంగా జూన్‌లో చల్లా."

"అయితే అదేనండీ. ఆ మందుకి కలుపు గింజ, మంచి గింజ అని తేడా తెలీదు. మూడు నాలుగు నెలలు ఏ గింజనీ వేరు పట్టనివ్వదు. నేల చూడండి, అక్కడ ఒక్క కలుపు మొక్కయినా ఉందా?"

"లేదు. అద్దంలా ఉంది."

"అదే గుర్తు," అన్నాను.

ఆవిడ ఇంకా ఏదో అడుగుతోంది. మళ్లీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేసి, ముందు వాకిట్లోకి వెళ్లాను.

ఓర్విల్ కంచె అవతల కలుపు మోకాలెత్తు ఉంది. కాలిబాట రాళ్ల సందుల్లో కూడా గడ్డి మొలిచింది. నా మడి నల్లగా, తడిగా, నునుపుగా ఉంది. నాలుగు నెలలు నీళ్లు తాగిన నేల. అందులో ఒక్క కలుపు మొక్క లేదు. ఖాళీ నేల ఎప్పుడూ ఖాళీగా ఉండదు, మనం వేయకపోతే గాలి వేస్తుంది అని ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. రోజూ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. చూడలేదు.

*

ఆల్విన్ వంటింట్లో మొక్కజొన్న పొత్తుల పైపొరలు ఒలుస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"చల్లే బండికి మూత మూసే లివరుంటుంది కదా," అన్నాను.

"ఉంది."

"మడి దగ్గరకి వచ్చినప్పుడు మూశావా?"

చేతిలో పొత్తు మీది పీచు ఒక్కొక్కటే తీశాడు. అది శుభ్రమయ్యాక పళ్లెంలో పెట్టాడు.

"లేదు."

"మర్చిపోయావా?"

"లేదు, మార్సీ."

ఇంకో పొత్తు తీసుకున్నాడు కానీ ఒలవలేదు.

"మేలో మిగతా సగం చల్లాను," అన్నాను.

"దాచుకోమన్నాను."

"ఎందుకో చెప్పలేదు."

"చెప్పలేదు."

"దంతె పట్టుకుని మట్టి సర్దావు."

"సర్దాను."

"రోజూ అడిగావు. ఏమైనా వచ్చిందా అని."

"వస్తే బాగుండునని అడిగాను," అన్నాడు. "చల్లిన మర్నాటి నుంచీ అదే. పడిన మందు తిరిగి ఎత్తలేం కదా. ఏదో ఒకటి తప్పించుకుని వస్తుందేమోనని."

ఒలిచిన పైపొరల్ని నేను ఒక పక్కకు నెట్టాను.

"ఆ రోజు నన్ను పిలిచింది," అన్నాడు చివరికి. "గ్యారేజీ నుంచి ఇరవై అడుగులు. లేవలేదు. మళ్లీ జూలైలో అదే రంగు ఆ కిటికీలోంచి కనబడితే నేను ఈ ఇంట్లో ఎక్కడ కూర్చోను?"

"నాతో అనాల్సింది."

"అంటే నువ్వు చల్లేదానివి కాదు. నాకోసం మానేసేదానివి. అది అడగలేకపోయాను."

నేను లేచి గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టాను. పొత్తులు ఉడికాయి. ఇద్దరం తిన్నాం.

*

తర్వాత మేం పోట్లాడుకోలేదు. పాలు అయిపోయాయి, కారుకు నూనె మార్చాలి, మీ అన్నయ్య ఫోను చేశాడు, ఇలాంటి మాటలు ఆడుకుంటూనే ఉన్నాం. లాన్ గురించి రాయడం మానేశాను. "ఈమధ్య గడ్డి సంగతులు రావట్లేదేం?" అని పత్రికవాళ్లు అడిగితే పిల్లల పరీక్షలన్నాను.

అయితే నాకొక సంగతి తెలుసు, ఆల్విన్‌కు తెలియదు. లాన్ మనిషికి అది తెలియాల్సిన అవసరం లేదు. గసగస గింజలు అన్నీ ఒకేసారి మొలవవు. ఒకే కాయలోవే అయినా కొన్ని మొదటి వసంతంలోనే లేస్తాయి, కొన్ని మట్టిలో రెండేళ్లు, మూడేళ్లు పడుకుంటాయి. మందు దెబ్బ కొట్టేది వేరు తొడిగే గింజను. నిద్రలో ఉన్నదాన్ని ఏమీ చేయలేదు. చలికాలం గడిచేసరికి మందు బలం కూడా పోతుంది. నేను రెండుసార్లు చల్లినవి, లిబ్బీ కోయకుండా వదిలిన కాయలనుంచి రాలినవి, వాటిలో పదో పన్నెండో ఆ మట్టిలో ఇంకా ఉండి ఉంటాయి. ఎవరూ ఆ నేలను కదపకుండా ఉంటే చాలు.

ఈ సంగతి ఆల్విన్‌కు చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నా దగ్గర ఒకటుంది, అతనికి తెలియదు అనుకోవడం బాగుండేది. బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నప్పుడు అది నా పక్కన కూర్చున్నట్టుండేది. వసంతంలో మొలక వచ్చాక అతనే చూస్తాడు, అప్పుడు నేను ఏమీ అననక్కర్లేదు అనుకున్నాను.

అక్టోబరు రెండో శనివారం తల్లిదండ్రుల సమావేశం ముగించుకుని వచ్చేసరికి ఓర్విల్ పికప్ ట్రక్కు మా వాకిట్లో ఉంది. ఆల్విన్ మెట్ల మీద కూర్చున్నాడు. మోచేతుల దాకా మట్టి. ఓర్విల్ గొట్టంతో ట్రక్కు వెనకభాగం కడుగుతున్నాడు.

"మీ ఆయనకి పిచ్చి పట్టింది టీచరమ్మా," అన్నాడు. "పొద్దున్నుంచి నాలుగు ట్రిప్పులు. ఈ వయసులో నన్ను కూలివాణ్ణి చేశాడు. బీరు కూడా ఒక్కటే ఇచ్చాడు."

మడి కొత్తగా ఉంది. అంచులు తాడు పట్టి కోసినట్టు తిన్నగా ఉన్నాయి.

"అడుగు లోతు తవ్వాను," అన్నాడు ఆల్విన్. "మందు పట్టిన మట్టి ఒక్క గంప కూడా మిగల్లేదు. అంతా తీసి పోసేశాం. ఇది నది పక్క పొలంలోది. ఇప్పుడు ఇందులో ఏది వేసినా వస్తుంది, మార్సీ."

వంగి కొంచెం మట్టి చేతిలోకి తీసుకున్నాను. పిడికిలి బిగిస్తే ముద్దయింది, వేలితో తాకితే విడిపోయింది. ఊరందరికీ ఎలాంటి మట్టి కావాలని రాస్తానో సరిగ్గా అలాంటిదే.

"మంచి మట్టి," అన్నాను.

అతని అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. అరవై ఒక్కేళ్లు. ఆగస్టు నుంచీ మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. నేను అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఓర్విల్ ఇంకా అక్కడే ఉన్నాడు, ట్రక్కు ఇంకా అక్కడే ఉంది. చేతిలో మట్టి కింద పోసి, చెయ్యి దులుపుకుని, లోపలికి వెళ్లి అతనికోసం వేడినీళ్లలో ఉప్పు కలిపాను.

ఇప్పుడు నవంబరు. నేల గట్టిపడుతోంది. మా ఊళ్లో తవ్విన మట్టి పోసేది మూడు చోట్ల: పాత కంకర గుంట, పంచాయతీ ఆకుల కుప్ప, ఫ్యాక్టరీ వెనక లోతట్టు. అడిగితే ఆల్విన్ ఒక్క మాటలో చెబుతాడు. అడిగితే ఎందుకని అతను కూడా అడుగుతాడు. అప్పుడు ఆ మట్టిలో ఏముందో, అది నాకు ఎప్పటినుంచి తెలుసో చెప్పాలి.

ఆ మట్టి ఎక్కడ పోశాడో నేనింకా అడగలేదు.